మూడో బెంచీకి జంకిన నెలలు

డోర్నకల్‌లో మా చర్చి పక్క గదిలో శనివారాలు ఇంటర్ అమ్మాయిలకు ఇంగ్లిషు చెబుతాను. ఆ రోజు బోర్డు మీద ‘షై అవే ఫ్రమ్’ అని రాశాను. చెయ్యాలని తెలిసిన పనికి భయంతోనో సిగ్గుతోనో జంకి పక్కకు తప్పుకోవడం అన్నాను. బైబిల్లో దేవుడు పొమ్మన్న ఊరికి పోకుండా పడవెక్కి పారిపోయిన ప్రవక్తది వేరే మాట, ఇది ఒడ్డునే నిలబడి వెనకాడటం.

సొంత వాక్యాలు చెప్పమన్నాను. ఒకరు లెక్కల పరీక్ష అన్నారు, ఒకరు పళ్ల డాక్టరు అన్నారు. వెనక నుంచి, మా చర్చికే వచ్చే ఒక పిల్ల లేచి, “అవర్ టీచర్ షైస్ అవే ఫ్రమ్ ద థర్డ్ బెంచ్” అంది. గదంతా గొల్లున నవ్వింది. “వాక్యం కరెక్టే గదా టీచర్?” అంది ఆ పిల్ల.

కరెక్టే.

చర్చిలో మూడో బెంచీ మా అక్కది. పోయిన క్రిస్మస్ పాటల సాధనలో, “నీ గొంతు పోయింది, వెనక కూసో” అని అందరి ముందు అన్నాను. ఆమె పాడటం మానేసింది. ఆమె పక్కన కూర్చోవడానికి మొహం చెల్లక నేను తలుపు దగ్గరి బెంచీకి మారాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు పాస్టరు గురువుగారి చేతుల నుంచి ‘సమాధానం’, అంటే శాంతి పలకరింపు, ఒకరి నుంచి ఒకరికి, చేతులు కలుపుతూ వస్తుంది. తలుపు దగ్గరైతే అక్క చెయ్యి నా దాకా రాదు. దేవునికి కానుక ఇచ్చే ముందు తోటివాళ్లతో సమాధానపడాలని పిల్లలకు నేర్పేది నేనే.

దేవుడు ఆ పిల్ల నోట నాతో మాట్లాడాడు, నాకు సందేహం లేదు. ఆదివారం మొదటి గంట కొట్టకముందే వెళ్లి మూడో బెంచీలో కూర్చున్నాను.

అక్క వచ్చి ఆగింది. “ఏందే, తొవ్వ తప్పినవా? నీ బెంచి గాడుంది.”

“ఇగ గీడనే కూసుంట.”

“ఎందుకు, నా గొంతు ఎట్లున్నదో చూసిపోదామనా?”

“తప్పు మాట అన్న అక్కా. అందరి ముందట అన్న, అందరి ముందటనే చెప్త.”

“జర గమ్మునుండు. గంట కొడుతున్నరు.”

ఆరాధన మధ్య ప్రకటనలప్పుడు లేచి, అక్కను అన్న మాట తప్పని అందరికీ చెప్పాను. కూర్చున్నాక చూస్తే అక్క తల ఎత్తలేదు.

సమాధానం మా బెంచీకి వచ్చింది. చేతులు జోడించి ఆమె వైపు తిరిగాను. మిర్చి ఏరి గరుకెక్కిన రెండు అరచేతులు నా చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

కీర్తన మొదలుకాగానే అక్క పాడింది. నాకన్నా కొంచెం కింది శ్రుతిలో పాడింది. నేనూ ఆ శ్రుతికే దిగాను.