దిరిసెన మొదట్లో మొలిచిన అర

దయావతమ్మది బడిలో చదివిన చదువు కాదు, ఇంట్లో చూసి నేర్చిన చదువు. పెనిమిటి సాలొమోను చెట్ల తెగుళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసేవాడు. అడవిలో మానులకు పట్టిన పుట్టగొడుగులు కోసి ఇంటికి తెచ్చేవాడు. వాటిని వడియాల్లా చేటలో ఆరబెట్టడం ఆవిడ పని. ఏది ఎండుకొమ్మతో సరిపెట్టుకుంటుందో, ఏది బతికున్న మానుని తినేస్తుందో ఆయన్ని అడిగి అడిగి పట్టేసింది.

ఆయన పోయాక కూడా ఆదివారం చర్చి కాగానే నగరానికి ఒక చివరున్న వైశాలిలో మెట్రో ఎక్కి, ఇంకో చివర కటవారియా సరాయ్ పక్కనున్న అడవికి వస్తుంది. అక్కడో పాత దిరిసెన చెట్టు కింద ఇద్దరూ పులిహోర తినేవాళ్లు. ఆ నీడన కాసేపు కూర్చుంటేనే ఆవిడకి వారం గడుస్తుంది.

ఆ వానాకాలం వెళ్లేసరికి, పరీక్షలకి చదువుకునే పిల్లలు దాని కింద చాప పరిచారు. వాళ్లలో, దగ్గర్లోని బేర్ సరాయ్‌లో గది తీసుకున్న స్నిగ్ధ ఆవిడకి తెలిసిన పిల్లే.

“రండాంటీ, మా చెట్టుకి అర కూడా మొలిచింది.”

చెట్టు మొదట్లో, లక్క పూసినట్టు ఎర్రగా మెరుస్తూ గట్టి పుట్టగొడుగు. దాని మీద చాయ్ గ్లాసు.

దయావతమ్మ గ్లాసు తీసి పక్కన పెట్టి వంగింది. అడుగువైపు తెల్లగా ఉంది. గోటితో గీస్తే గీత గోధుమరంగుకి తిరిగింది. చుట్టూ ఆకుల మీద కాఫీపొడి చల్లినట్టు ధూళి. వేరు మీది బెరడు కాస్త లేపితే, కొయ్య తడిసిన పీచులా చేతికి ఊడొచ్చింది.

“వేళ్లు కుళ్లబెట్టేదే,” అంది.

“పైన ఆకులు పచ్చగానే ఉన్నాయిగా?”

“మీ అంకుల్ మొహం కూడా చివరిదాకా కళగానే ఉందే.”

“కోసి పారేస్తే పోదా?”

“ఇది కాయ మాత్రమే. తీగంతా లోపలుంది.”

“దీంతో టీ కాస్తారట, యూట్యూబ్‌లో చూశాను.”

“చెట్టు నెత్తిన పడ్డాక కాచుకుందువుగాని. ముందు చాప ఎత్తు.”

స్నిగ్ధ చాప చుడుతూ గొంతు తగ్గించింది. “గార్డుకి చెబితే దీన్ని కొట్టించేస్తారు ఆంటీ. మీరు కూర్చునే చెట్టు కదా.”

దయావతమ్మ బెరడు మీద చెయ్యి వేసింది. చెప్పకపోతే ఇంకో రెండు వానలకి నిలవొచ్చు. ఈ సాయంత్రమే ఒరగనూవచ్చు. సాలొమోను అయితే చెప్పకుండా ఇల్లు చేరేవాడు కాదు.

గేటు దగ్గరున్న గార్డు వైపు నడిచింది.

“భయ్యా, ఆ చెట్టు లోపలంతా గల్ గయా, కుళ్లిపోయింది. రస్సీ కట్టించు, ఎవర్నీ కూర్చోనివ్వకు. మీ సాబ్‌కి కూడా చెప్పు.”

“పక్కా, అమ్మాజీ?”

“పక్కా.”

అతను తాడు కట్టేదాకా నిలబడింది. తర్వాత పిల్లల్ని అవతలి వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. మొదలు చుట్టూ తిరిగి, రాలిన ఆకులు కాలితో తోసి, ప్రతి వేరూ వంగి చూసింది.

“ఇక్కడ పరవండి,” అని తనే ముందు కూర్చుంది.