తాతగారి రాత్రిపూల తీగ

ఆ రోజుల్లో మా వంశానికి భూములన్నీ పోయి గొప్పలు మాత్రమే మిగిలాయి. వాటిని కొనేవాళ్లెవరూ లేరు కనుక అన్నీ నా వాటాకే వచ్చాయి. నాగర్‌కర్నూల్‌లో చిన్న గుమాస్తా ఉద్యోగం, రెండు గదుల అద్దె ఇల్లు, వెనక చాపంత పెరడు, కొత్త కాపురం. నా భార్యది పెబ్బేరు. మా మామ అక్కడి సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే మనిషి. (ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పే ఆ కళ్లు పెళ్లిచూపులనాడు నన్ను కూడా అలాగే చూశాయి.) ఆ కళ్ల ముందు మా ఇంటి పరువు నిలబెట్టాలన్నదే అప్పట్లో నా పట్టుదల.

అందుకు నాకు దొరికిన ఆధారం మా తాతగారి తోట. వనపర్తి దగ్గర మా ఊళ్లో ఆయన సాయంత్రాలు పడక్కుర్చీ వేయించుకుని, పొద్దుగూకాక విచ్చే తెల్లని పూల ముందు కూర్చునేవారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నేను పుట్టేనాటికి ఆయనా లేరు, తోటా లేదు. "అసొంటి పూలు మీ సంతల దొరకయి" అని భార్యకు రోజూ చెప్పి చెప్పి, చివరికి అమ్మకు ఫోన్ చేసి ఆ గింజలే కావాలన్నాను. ఆమె గుడ్డలో మూటగట్టి, ఇటు వచ్చే మా ఊరి మనిషి చేతికిచ్చి పంపింది.

వాటిని రాత్రంతా నానబెట్టి, మట్టిలో పెంట ఎరువు కలిపి, తలస్నానం చేసి మరీ నాటాను. మొలకలొచ్చాయి, తీగ సాగింది, అరచేతి కన్నా వెడల్పు ఆకులు వేసింది. నేను పందిరి కడుతుంటే నా భార్య ఒక ఆకును నిమిరి చూసి మెల్లగా అంది.

"జర సొరపాదు లెక్కనే ఉంది గదా?"

"మీ పెబ్బేరోళ్లు పుట్టినకాడి నుంచి సొరపాదులే చూసిండ్రు. అన్నీ గట్లనే కనవడతయి."

ఆమె మరి మాట్లాడలేదు. (ఆమె మాట్లాడకపోతే భయపడాలని నాకింకా తెలియదు.)

మొగ్గలు కనబడగానే మామకు కబురుపెట్టాను. ఆయన రాగానే పందిరి ఎదుట కుర్చీ వేసి కూర్చోబెట్టాను. వెలుతురు తగ్గుతుండగా మొగ్గలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి, ఉతికి ఆరేసిన మల్లుగుడ్డంత తెల్లగా. మామ కుర్చీని పందిరి దగ్గరికి జరుపుకున్నాడు. గెలిచాననుకున్నాను. అప్పుడాయన లేచి, ఒక పువ్వును అడుగునుంచి రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"అల్లుడా, పువ్వు మంచిగుంది. గని దీని కింద పిందె ఉందేంది? దొరల పూలకు సొరకాయలు గాస్తయా?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. గింజలు మారాయే తప్ప మా తోటలో లోపం లేదని మామకు రుజువు చేయాలి గదా! అక్కడికక్కడే అమ్మకు ఫోన్ కలిపి, ఆయనకు కూడా వినబడాలని స్పీకరు పెట్టాను.

"ఏం గింజలు పంపినవమ్మా? ఇది సొరపాదు!"

"అవ్ రా, సొరపాదే. మీ తాత తోటల గవే ఉంటుండె."

"మరి పూలతోట అన్నరు గద?"

"భూములు పోయినంక పెరట్ల గవే పెట్టుకున్నం బిడ్డా. కూరకు వేరే దిక్కు లేదు. కూరపాదంటే ఆయనకు నామోషీ. ఎవరన్న వస్తే పొద్దుగూకినంక పూలు చూపెడుతుండె. తెల్లారి కాయలు మేం తెంపుకుంటుంటిమి."

ఫోన్ ఎలా ఆపానో గుర్తులేదు. మామ ఇక సంతలో పదిమందికి చెప్పి నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. మళ్లీ కుర్చీలో కూర్చుని, పందిరి వైపే చూస్తూ లోపలికి కేకేశాడు.

"బిడ్డా, జర చాయ్ పెట్టు. ఇంక రెండు మొగ్గలు విచ్చేటట్టున్నయి. చూసే పోత."

ఇప్పుడు సొంత ఇల్లుంది, పెరడూ కాస్త పెద్దదే. ఏటా తొలివానలు పడగానే సొరగింజలు పెడతాను. తలస్నానం చేసి గింజలు నాటిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది. ఇంటికెవరైనా వస్తే ఇది కూరపాదేనని ముందే చెప్పేస్తాను, నామోషీ ఏమీ లేదు. కాకపోతే చీకటి పడేదాకా వాళ్లను గడప దాటనివ్వను.