శంఖుముద్ర దళం, కిషన్‌బాగ్ శాఖ

ఒక ఆడమనిషి ఇంటి కప్పు కూల్చి, ఒక పెద్దాయనను దొంగను చేసి, మా గల్లీనంతా రాత్రి కంటి మీద కునుకు లేకుండా జాగారం చేయించిన ఘనత నాది. ఇదంతా పరోపకారం పేరుతోనే జరిగింది. అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలే పెట్టలేదు.

డెబ్బైల నాటి మాట. మాది కిషన్‌బాగ్. నాకప్పుడు ఇరవై ఒకటి. మీసం వచ్చింది, కొలువు రాలేదు. పొద్దస్తమానం డిటెక్టివ్ నవలలు చదవడమే నా ఉద్యోగం. వాటిలో 'శంఖుముద్ర దళం' వరుస నవలలంటే ప్రాణం. ఆ దళం వాళ్ళు ఆపదలో ఉన్నవాళ్ళను ఆదుకుని, గోడ మీద నీలి శంఖం గీసి మాయమైపోతారు. వాళ్ళెవరో కట్టుకున్న భార్యలకు కూడా తెలియదు. ఎందుకంత రహస్యం? పదకొండు భాగాలు వచ్చినా రచయిత ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. దళనాయకుడు మాత్రం ప్రతి భాగంలోనూ కిటికీ దగ్గర నిలబడి "రహస్యమే మన ఊపిరి" అని సిగరెట్ ఆర్పేస్తాడు. మేం ఇక్కడ ఊపిరి బిగబట్టుకుని తరువాయి భాగం కోసం చస్తుంటాం.

మేం అంటే నేనూ, టైలర్ సలీమూ. నేను పుస్తకం పైకి చదివేవాణ్ణి, అతను మిషన్ తొక్కుతూ వినేవాడు.

"అరే యాదగిరీ, చేసేది మంచి పనే గదా. మరి గిట్ల మొకం దాస్కునుడెందుకు?" అన్నాడొకనాడు.

"నీకు తెల్వదు భాయ్. పేరు కోసం చేస్తే గది మంచి పనెట్లయితది? గందుకే దాస్తరు."

"ఏమో. నేనైతే ముందు కొలతలు తీస్కుంటా. చెప్పకుండ కుడితే చొక్కా ఎవలికి పడతది?"

ఆ మాట అప్పుడే చెవికెక్కి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. కానీ నా చెవుల నిండా శంఖాలు మోగుతున్నాయి. ఆ సాయంత్రమే దళానికి కిషన్‌బాగ్ శాఖ ప్రారంభించాను. నాయకుణ్ణి నేను. సభ్యుడు సలీం. ఇంకెవరూ లేరు. మరి రహస్యం కదా!

మొదటి కార్యం కూడా సిద్ధంగా ఉంది. మా గల్లీ చివర పూలమ్మే సత్తెమ్మది పెంకుటిల్లు. వాన పడితే ఇంట్లో అడుగుకో గిన్నె పెట్టుకునేది. తెల్లారకముందే పూల మండీకి వెళ్ళి పూలు తెచ్చుకుని, వాటిని అమ్ముకుని మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఇంకేం కావాలి? ఒక మధ్యాహ్నం గల్లీ నిద్రపోతుండగా నేను కప్పెక్కాను. ఎవరైనా వస్తే దగ్గడానికి సలీం కింద నిలబడ్డాడు. పగిలిన పెంకులు తీసి, ఆమె పెరట్లోనే ఉన్న మంచి పెంకులు పేర్చాను. అంతకుముందు పెంకు ముట్టినవాణ్ణి కాదు. అయితేనేం, పదకొండు భాగాలు చదివాను!

దిగాక శంఖం గీయాలి. నీలి సుద్ద దొరకలేదు. గిన్నెలకు కళాయి పెట్టే ఖాసీం సాబ్ ఆ పొద్దున సత్తెమ్మ ఇంటి ముందే కొలిమి పెట్టుకుని, పని ముగించి వెళ్ళిపోయాడు. అక్కడ చల్లారిన బొగ్గు ఏరుకుని తలుపు మీద గీశాను.

సలీం తల అటూ ఇటూ వంచి చూశాడు. "ఏందిది? ముల్లంగా?"

"శంఖం!"

"మరి తోకెందుకుంది?"

సాయంత్రం మా అరుగు మీద కూర్చుని సత్తెమ్మ రాక కోసం ఎదురుచూశాను. ఇప్పుడు చూస్తుంది, ఆనందంతో కేక వేస్తుంది అనుకున్నాను. కేక వేసింది.

"దొంగలు! నా ఇంటి మీదికి దొంగలెక్కిండ్రు! పెంకులన్ని జరిపిండ్రు!"

గల్లీ మొత్తం పరుగెత్తింది. గోడ నిండా నా కాళ్ళ గుర్తులే. కిరాణా కొట్టు శంకరయ్య సేఠ్ మా గల్లీ పెద్ద. ఆయన కళ్ళజోడు తుడుచుకుని తలుపు మీద బొమ్మను పరీక్షించాడు.

"ఇది కత్తి గుర్తు. ఇయ్యాల ఇల్లు చూస్కొని పోయిండ్రు, రేపొచ్చి దోస్తరు. ఇయ్యాల్టిసంది అందరం కావలుండాలె. యాదగిరీ, నువ్వు పొడుగున్నవు. నువ్వే కెప్టెన్."

మీరైతే ఏం చేసేవారో తెలియదు. నేను ఒప్పుకున్నాను! చేతికి కర్ర ఇచ్చారు. "ఆ దొంగ ఎంతటోడైనా నా చేతులకెల్లి తప్పించుకోలేడు" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. పక్కన సలీంకు నిజంగానే దగ్గొచ్చింది.

ఆ రాత్రి గల్లీలో ఎవరూ కునుకు తీయలేదు. మర్నాడు పొద్దున ఖాసీం సాబ్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. కొలిమి పెట్టాడో లేదో, శంకరయ్య సేఠ్ ఆయన రెక్క పట్టుకున్నాడు.

"నిన్న ఈడ కూసున్నది నువ్వే. తలుపు మీద బొగ్గు నీదే. చెప్పు, నీ ఎనక ఎవలున్నరు?"

ముసలాయన సేఠ్ వైపు తిరిగాడు. "ఖుదా కసం సేఠ్! ఎన్నేండ్లసంది మీ గిన్నెలకు కళాయి పెడుతున్న. నాకు తెల్వని చెంబు మీ గల్లీల లేదు. గిప్పుడు నేను దొంగనా?"

"గదంత పోలీసులకు చెప్పుకో. ఏమంటవ్ కెప్టెన్?"

అందరూ నావైపు తిరిగారు. ఖాసీం సాబ్ కూడా చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడగానే నా నవలలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి.

"ఆయన్ని ఇడిచిపెట్టుండ్రి," అన్నాను. "గా గుర్తు నేనే పెట్టిన. కప్పు నేనే ఎక్కిన. బాగుజేద్దామని."

గల్లీ అంతా విరగబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది మా అమ్మ.

"తాగిన గిలాస కడగనోడు పరాయోళ్ళ కప్పు బాగుజేసిండా? ముసలాయన మీద జాలితోని అబద్ధమాడుతుండు గని, మీరు నమ్మకుండ్రి!"

రుజువు చేయక తప్పలేదు. నిచ్చెన వేసుకుని మళ్ళీ పైకెక్కాను. "చూడుండ్రి, గీ వరసంత నేనే పేర్చిన" అంటూ గర్వంగా కాలు మోపాను. నేను పేర్చిన వరస నిజంగా నేను పేర్చినట్టే ఉంది. ఫెళ్ళున విరిగింది. పెంకులతో సహా నేను సత్తెమ్మ ఇంట్లోకి, దొంగల భయంతో ఆమె ఆ పూట అమ్మకానికి వెళ్ళకుండా ఇంట్లోనే పెట్టుకున్న బంతిపూల గంపలోకి నేరుగా దిగిపోయాను.

సత్తెమ్మ తలుపు తీసింది. నన్ను చూసింది, పైన ఆకాశాన్ని చూసింది.

"ఇన్నొద్దులు నా ఇంట్ల నీళ్ళే పడుతుండె బిడ్డా. నువ్వు బాగుజేసినంక మనుషులు పడుతుండ్రు!"

శంకరయ్య సేఠ్ ఖాసీం సాబ్‌కు చేతులు జోడించాడు. నేను ఆయన కాళ్ళ మీద పడబోతే ఆ ముసలాయనే నన్ను పట్టుకుని, నా జుట్టులోని బంతిరేకులు దులిపాడు. "బేటా, ఇంకోపాలి మంచి పని జేస్తే నా బొగ్గు ముట్టకు" అని నవ్వాడు.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? అసలు శిక్ష మా అమ్మ వేసింది. "పరాయోళ్ళ కప్పెక్కినోనికి మనింటి కప్పు కనవడదా?" అంది. సత్తెమ్మ కప్పు, మా కప్పు, మేనత్త వంటిల్లు, శంకరయ్య సేఠ్ గోదాము... పని నేర్పించి మరీ ఆ వానాకాలమంతా నన్ను కప్పుల మీదే నిలబెట్టారు. దళసభ్యుడు కింది నుంచి పెంకులు అందించాడు.

అప్పుడే పన్నెండో భాగం వచ్చింది. ఒక కప్పు మీద కూర్చుని చివరి పేజీలు సలీంకు వినబడేలా ఆత్రంగా చదివాను. 'కీర్తికాంక్ష పుడితే సేవ మలినమవుతుంది, అందుకే ఈ రహస్యం' అని నాయకుడు రెండు పేజీలు చెప్పాడు.

సలీం కింది నుంచి అరిచాడు. "గదంత ఉత్తదే భాయ్! గా నాయకునికి ఇంట్ల అమ్మ ఉండి ఉంటది!"

అందుచేత పాఠకుల సాక్షిగా, నిటారుగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరికీ చెప్పకుండా మేలు చేయను. చేయక తప్పకపోతే, మా ఇంట్లో తెలియనివ్వను.