సాటిన్ సీట్లతో కనుమ దిగిన వైనం

కొండదారిలో బండి లోయలో పడితే లోకం జాలిపడుతుంది. నా వాళ్లు బండిలోనే పడ్డారు, సీట్ల మీద నుంచి కిందికి. దీనికి జాలిపడే నాథుడు లేడు. మీరూ నవ్వుతారు, నాకు తెలుసు.

అప్పుడు నేను సూరత్‌లోని ఖటోదరాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీని. కొత్తగా ఒక పాత కారు కొన్నాను. మా మగ్గాల మీద దిగిన ఎర్ర సాటిన్‌తో సీట్లకు కవర్లు కుట్టించాను. నూలు గుడ్డ వేయించమని నా భార్య సుజాత మొత్తుకుంది. సూరత్‌లో ఉంటూ నూలేమిటని వెక్కిరించాను. సిరిసిల్ల నుంచి వచ్చిన మా అత్తమ్మ నోట, పెళ్లయ్యాక ఒక్కసారైనా 'అల్లుడు పనిమంతుడు' అనిపించుకోవాలి, అదీ నా తాపత్రయం. డాంగ్ కొండలు చూపిస్తానని ఇద్దరినీ బయల్దేరదీశాను.

సూరత్‌లో ఎత్తంటే ఫ్లైఓవరే. అందుకే సీట్ల గుణం ఊళ్లో బయటపడలేదు. కనుమ ఎక్కే మట్టిదారిలోనూ అందరం వెనక్కి ఆనుకుని దర్జాగా ఉన్నాం. సోఫాలా లేదూ అని నేను గొప్పలు కూడా పోయాను.

దిగుడు మొదలైంది. మొదటి బ్రేకుకే అత్తమ్మ వెనక సీటు నుంచి జారి కింద కూలబడింది. పక్కనున్న సుజాత లేపి కూర్చోబెట్టింది. మలుపు తిరగ్గానే ఈసారి ఇద్దరూ జారారు. దూరపు కొండలు నునుపంటారు. ఆ కొండ మొత్తం గరుకే, నునుపంతా నా సీట్లదే.

"జర మెల్లగ పోరాదు," అంది సుజాత.

"మెల్లగ పోవాల్నంటే బ్రేకు తొక్కాలె. తొక్కితే మీ అమ్మ జారుతది. నన్నేం జెయ్యమంటవ్?"

అంటూనే నేనూ జారాను. బెల్టు మెడకెక్కింది, గడ్డం స్టీరింగుకు ఆనింది. దారి మాయమై ఆకాశం ఒక్కటే కనబడుతోంది. పక్కన లోయ. నిజం చెబుతున్నాను, పైప్రాణాలు పైకే పోయాయి. ఎలాగో హ్యాండ్‌బ్రేకు లాగి ఆపాను.

అత్తమ్మ సంచి విప్పి తన పాత నూలు చీరలు తీసింది. సుజాత వాటిని సీట్లన్నిటికీ బిగించి కట్టింది, నాదానికి కూడా. ఇక ఎవరూ జారలేదు. అల్లుడి సాటిన్‌ను అత్త చీర కింద దాచుకుని, పళ్లు నూరుకుంటూ కొండ దిగాను.

కింద చాయ్ తాగుతూ అత్తమ్మ చీర అంచు తొలగించి సాటిన్‌ను చేత్తో నిమిరింది.

"పనిమంతునివే బిడ్డా, గుడ్డ మస్తుగ నేసినవ్. ఒక్కటే, మనిషిని కూసోనియ్యది."

కోరిన మాట దక్కింది. కనుక తాపీ నది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం సాటిన్ నేస్తానే తప్ప, దాని మీద కూర్చోను.