మీ బర్రె వెంకటయ్య

ముందే చెప్పేస్తున్నాను: ఈ కథ చివర నన్నెవరూ కొట్టరు. ఉద్యోగం కూడా పోదు. మధ్యలో మాత్రం రెండూ ఒకేసారి జరిగిపోయేలా కనిపిస్తాయి. గుండె మెత్తనైనవాళ్ళు ఈ హామీని పట్టుకుని చదవండి.

అప్పటికి నేను ఖమ్మంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి ఏడాది కూడా కాలేదు. బోనకల్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని. పక్కన కూర్చున్న ఆవిడ "ఏం పని చేస్తవమ్మా?" అంటే "సాఫ్ట్‌వేర్" అనేసి, ఆమె నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసేదాకా ఎదురుచూసేదాన్ని. అంత పొగరు.

మా రమణ సారు ఒక పాలకేంద్రం పని పట్టుకొచ్చారు. భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుందది. చుట్టుపక్కల ఊళ్ళ బర్రెల వివరాలన్నీ కంప్యూటర్లో ఉండాలి. ఏ బర్రె చూడితో ఉందో, ఎన్నో నెలో చూసి, యజమాని ఫోనుకు జాగ్రత్తలు చెబుతూ మెసేజ్ పోవాలి. అంతే.

"సుధా, డేటాబేస్ లోంచి వివరాలు తెచ్చిపెట్టే టూల్స్ ఉచితంగానే బోలెడున్నయ్. టెస్టింగ్‌వి గూడ. కొన్ని పోల్చి చూసి మనకేది పనికొస్తదో చెప్పు," అన్నారు సారు.

నన్ను పోల్చమనడం ఆయన చేసిన తప్పు. సంతలో ఒక్కో వంకాయనూ తిప్పి తిప్పి చూసే అమ్మకు పుట్టినదాన్ని. వారమంతా పోల్చాను. వివరాలు తెచ్చే టూల్స్‌లో చివరికి రెండు మిగిలాయి. ఒకటి నిదానస్తురాలు. 'యజమాని పేరు' అని అడిగితే, ఆ పేరు రాసున్న గడిని వెతికి మరీ తెస్తుంది. రెండోది మెరుపు. గడుల పేర్లు దానికి పట్టవు. మొదటి గడిలో ఉన్నది మొదట, రెండో గడిలో ఉన్నది తర్వాత, పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడిలా చకచకా విసిరేసుకుంటూ పోతుంది. నేను మెరుపును ఎంచుకున్నాను.

ఇక టెస్టింగ్ టూల్స్. ఒకటి తనే రకరకాల పేర్లు పుట్టించి ప్రోగ్రామును సతాయిస్తుంది. ఇంకోటి మనమేమిస్తే దానితోనే సరిపెట్టుకుని, అంతా బాగుంటే పచ్చగుర్తు చూపిస్తుంది. సతాయించేవాళ్ళు ఎవరికి కావాలి చెప్పండి? రెండోదాన్ని తీసుకుని, యజమాని పేరు దగ్గర 'లక్ష్మి' అని కొట్టాను. బర్రె పేరు దగ్గర మళ్ళీ టైపు చేయడానికి బద్ధకమేసి అదే లక్ష్మిని అతికించాను. పచ్చగుర్తు! నా అంతటిది లేదనుకున్నాను.

రేపు ప్రారంభం అనగా పాలకేంద్రం మేనేజరు నర్సింహారావు గారు ఫోన్ చేశారు.

"అమ్మా, పట్టికల మనిషి పేరు ముందు, బర్రె పేరు వెనక పెట్టినవేంది?"

"ఎట్లున్నా ఒకటే సార్."

"ఒకటెట్లయితది? పాలిచ్చేది బర్రె. తాగేది మనిషి. బర్రె పేరే ముందుండాలె."

వాదించడం దేనికని గడులు అటుదిటు మార్చేశాను. టెస్ట్ మళ్ళీ నడిపాను. పచ్చగుర్తు.

మర్నాడు పొద్దున పాలు పోసే వేళకు సారూ నేనూ అక్కడున్నాం. క్యాన్లతో రైతులు వరస కట్టారు. మేనేజరు గారు కొబ్బరికాయ కొట్టారు. నేను మీట నొక్కాను. వరసలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమన్నాయి. నేను నవ్వు మొహంతో నిలబడ్డాను, దండ వేస్తారేమో అన్నట్టు.

ముందున్న వెంకటయ్య అనే రైతు ఫోన్ దూరంగా పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"గంగ గారూ... గంగ ఎవలు? మా బర్రె! మా బర్రెకు నా ఫోన్ల మెసేజేంది?"

"ముందుకు సదువు," అన్నారు వెనకున్నవాళ్ళు.

"గంగ గారూ, మీ బర్రె వెంకటయ్య..." ఆయన గొంతు తగ్గింది. "...ఏడు నెలల చూడితో ఉంది. దాణా పెంచండి. ఎండలో తిప్పకండి. మెత్తటి చోట పడుకోబెట్టండి. పాలు పిండడం ఆపండి."

వరసలో వాళ్ళందరూ క్యాన్లు దించి తమ ఫోన్లు తీశారు.

"నాకు అయిదో నెలంట!" అని అరిచాడొకడు.

"నాది తొమ్మిది! జరుగుండ్రి, నన్ను తొయ్యకుండ్రి!" అన్నాడింకొకడు.

మేనేజరు గారు తన ఫోన్ తీశారు. ఆయనకూ ఒక బర్రె ఉంది, పేరు రాణి. రాణి గారికి వచ్చిన సమాచారం ఆయన మౌనంగా చదువుకున్నారు. తలెత్తి నా వైపు చూశారు.

"ఏందమ్మా ఇది?"

"సార్, టెస్ట్‌లో అంతా పచ్చగనే వచ్చింది సార్."

"పచ్చగ వచ్చుడేంది? పచ్చగడ్డా?"

అంతలో దూరపు ఊళ్ళ నుంచి ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కో ఫోనుకు ఆయన మొహం ఒక్కో రంగు మారింది. "మమ్ముల బర్రెలంటరా అని గుస్స అయితున్నరు. రేపటి సంది పాలు ఇంకో సెంటర్ల పోస్తరంట. అయితే నా బతుకేం గావాలె?" అన్నారు. నా వేషాలకు ఒక మనిషి ఇన్నేళ్ళుగా నిలబెట్టుకున్న కేంద్రం మూతపడేటట్టుంది.

రమణ సారు నన్ను పక్కకు పిలిచారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"టెస్ట్‌ల యజమాని పేరు ఏం పెట్టినవ్?"

"లక్ష్మి సార్."

"బర్రె పేరు?"

నేల చూశాను. "...లక్ష్మి సార్."

"రెండూ ఒకటే పేరైతే, తారుమారైనా పచ్చగనే వస్తది గద? కూసోని సరిచెయ్యి," అన్నారాయన.

అక్కడే బోర్లించిన పాలక్యాను మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. టెస్ట్‌లో యజమానికి వెంకటయ్య, బర్రెకు గంగ అని పెట్టి నడిపాను. ఎర్రగుర్తు! ఎర్రగుర్తును చూసి సంబరపడ్డ మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. గడులు మారినా మొదటిదే యజమాని అనుకుని వడ్డించిన మెరుపును సాగనంపి, పేరు చూసి తెచ్చే నిదానస్తురాలిని పెట్టాను. ఈసారి అన్నీ వేరువేరు పేర్లతో పరీక్షించి, క్షమాపణ కూడా జోడించి, కళ్ళు మూసుకుని మీట నొక్కాను.

టింగుమంది. వెంకటయ్య చదివాడు. అంతా ఆయన మొహమే చూస్తున్నారు.

"గంగకేనంట," అన్నాడు నెమ్మదిగా. "నాకు కాదంట."

ముందు ఎవరు నవ్వారో తెలియదు గాని, తర్వాత నవ్వనివాళ్ళు లేరు. మేనేజరు గారైతే నవ్వలేక కౌంటర్ పట్టుకున్నారు. "ఇన్నేండ్ల సంది నోటీసులు పెడుతున్న, ఒక్కడు గూడ సదవలే. ఇయ్యాల ప్రతోడు సదివిండు! ఆ ఊళ్ళోళ్ళకు నేను చెప్పుకుంటలే, చాయ్ తాగు బిడ్డా," అన్నారు. ఆ చాయ్ అంత రుచిగా ఎందుకుందో మీకు చెప్పక్కర్లేదు. దూరపు ఊళ్ళ పాలు కూడా మర్నాడు మామూలుగానే వచ్చాయి.

రెండు మూడు రోజులు పోయాక ఆఫీసుకు ఒక ఫోన్ వచ్చింది. వెంకటయ్య భార్య యాదమ్మ.

"బిడ్డా, ఆ మెసేజ్ పంపినది నువ్వేనా?"

"అవ్ పెద్దమ్మా. తప్పయింది. సరిజేసి మళ్ళ పంపిన గద?"

"రెండోది ఎవల్కి గావాలె? మా ఆయన మొదటిదే దాసుకున్నడు. పొలం పొమ్మంటే అదే సూపిస్తుండు. ఎండల తిప్పొద్దని రాసిండ్రంట. మెత్తటి పరుపు ఎయ్యమంటుండు. తిండి పెంచమంటుండు. మంచం దిగుతలేడు బిడ్డా! నువ్వే ఎట్లన్న జేసి, ఆయన ఈనిండని ఇంకోటి పంపు!"

సారును అడిగాను. ఆయన ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే సరేనని తలూపారు. ఏ టూలూ వాడకుండా, నా సొంత వేళ్ళతో ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ పంపాను: "వెంకటయ్య సుఖంగా ఈనింది. రేపటి నుంచి పొలం పనికి తోలుకుపోవచ్చు."

ఈ సందర్భంగా పాఠకుల ఎదుట నిలబడి, చెయ్యి చాపి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ప్రాణముండగా టెస్ట్‌లో మనిషికీ బర్రెకూ ఒకే పేరు పెట్టను. పచ్చగుర్తు కనబడగానే మురిసిపోను. పశువుల డాక్టరు స్వయంగా చూసి చెబితే తప్ప, ఏ మగమనిషినీ చూడి కట్టాడని ప్రకటించను.