చప్పుడు చెయ్యని కెమెరా

స్టూడియో ఆయన మెడలో పెద్ద కెమెరా పడి ముప్పై ఏళ్ళు దాటింది. మొదట రీలుది, తర్వాత డీఎస్ఎల్ఆర్. ఆ బరువుకి ఎడమ భుజం కాస్త కిందికి జారిపోయింది కూడా.

కూతురూ అదే పనిలోకి వచ్చింది. లోపల అద్దం ఉండని చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కుని, తండ్రి కెమెరాకు గుండ్రాయి అని పేరు పెట్టింది. ఆయన ఊరుకుంటాడా, ఆమెదానికి సబ్బుపెట్టె అని పెట్టాడు. గుండ్రాయి బ్యాటరీ రోజంతా వస్తుంది, సబ్బుపెట్టెది మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. గుండ్రాయిలోంచి చూస్తే మనిషి మనిషిలాగే కనిపిస్తాడు, సబ్బుపెట్టెలో బుల్లి టీవీ చూస్తున్నట్టుంటుంది. పైగా చేతినిండా కెమెరా లేనివాడి ముందు జనం కుదురుగా నిలబడరని ఆయన నమ్మకం. నమ్మకం అనేది మర్యాదకి, అసలు మాట మొండితనం.

ఆయనకు ఒక అక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమే. వీధి వీధంతటికీ మంచి ఫొటోలు తీసినవాడు సొంత అక్కకు ఒక్కటంటే ఒక్కటి తియ్యలేకపోయాడు. కెమెరా లోపలి అద్దం టక్కుమని లేవడం, ఆమె ఉలిక్కిపడి కళ్ళు మూసుకోవడం. ప్రతి ఫొటోలోనూ నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవారు.

ఈమధ్య అక్క మంచం పట్టింది. ఇక రోజులే అన్నాడు డాక్టరు. ఆయన ఇంటికొచ్చి ఆల్బమ్‌లన్నీ తిరగేశాడు. కళ్ళు తెరిచి ఉన్న అక్క ఎక్కడా లేదు. కొన్నాళ్ళు పోతే ఆ కళ్ళెలా ఉండేవో తనకే గుర్తుండదేమోనని భయం పట్టుకుంది. కూతురి దగ్గరికెళ్ళి, ఎటో చూస్తూ, సబ్బుపెట్టె ఒకసారి ఇవ్వమన్నాడు. ఆమె ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. చప్పుడు రాకుండా ఎలా పెట్టుకోవాలో చూపించి చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రి వార్డులో అక్కను దిండ్లకు ఆనించి కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. ఫొటో అంటే చప్పుడు వినిపించేదాకా కదలకూడదని ఆమెకు తెలుసు. ఊపిరి బిగబట్టి తమ్ముడి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. ఆ బుల్లి టీవీలో అక్క కళ్ళు నిండుగా తెరిచి ఉన్నాయి. ఎడమకంట్లో ఆవగింజంత మచ్చ ఉంది. ఇన్నేళ్ళలో తమ్ముడు దాన్ని చూడడం ఇదే మొదటిసారి.

కాసేపటికి ఆమె నీరసంగా అడిగింది.

"అయిపోయిందా తమ్ముడూ?"

ఆమె అడిగింది ఫొటో గురించే. ఆయనకు మాత్రం ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. అప్పటికే పదిహేను ఫొటోలు పడ్డాయి, ఇంక ఒక్కటీ అక్కర్లేదు. కానీ ఔనంటే ఆమె కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోతుంది.

"లేదక్కా, ఇంకా కాలేదు," అన్నాడు. "ఇటే చూస్తూ ఉండు."

ఆమె చూస్తూనే ఉంది. గుండ్రాయి అయితే ముఖం సగం కప్పేసేది. ఇది మరీ చిన్నది, దాని పక్కనుంచి కారుతున్న తమ్ముడి కన్నీళ్ళను అక్క చూసింది. చూసి కూడా కళ్ళు మూసుకోలేదు.