నాన్న అడిగిన ప్రశ్నలు

నా చిన్నప్పుడు మేము అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు, సాయంత్రం ఆరు దాటితేగాని ఇల్లు చేరేవారు కాదు. అందుకని బడి అయిపోగానే నేను పక్కింటి మామ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆవిడ అమెరికన్, డెబ్భై దాటిన మనిషి, భర్త పోయి ఒంటరిగా ఉండేది. మా ఇళ్ళలో నాయనమ్మని మామ్మ అంటామని చెబితే సంబరపడిపోయి, ఇక ఆ పిలుపుకే పలికేది.

రెండు వీధుల అవతల ఉన్న చిన్న చర్చిలో మామ్మ ఆర్గన్ వాయించేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పక్కన కూర్చుని పాటల పుస్తకం పేజీలు తిప్పడానికి ఆదివారాలు నన్ను పంపమని అమ్మని అడిగింది. అమ్మ జంకింది. ఎక్కడ మతం మార్చేస్తారోనని భయం. "దాని దేవుడి జోలికి నేను రాను" అని మామ్మ మాట ఇచ్చింది. చివరిదాకా ఆ మాట నిలబెట్టుకుంది.

పేజీలతో పాటు నాకు ఇంకో పని కూడా ఉండేది. ఆ రోజు ప్రార్థనకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి, గోడకున్న చెక్కపలకలో అంకెల అట్టలు దూర్చాలి. నేను మొదలుపెట్టినప్పుడు ముప్ఫై ఎనిమిది ఉండేది. ఏడాది తిరిగేసరికి పందొమ్మిదికి దిగింది. ఎవరూ దేవుడి మీద కోపంతో మానలేదు. పిల్లలకి సాకర్ మ్యాచ్‌లు, ఆదివారం కూడా తెరిచి ఉండే షాపులు, వారమంతా పనిచేసి అలసిన ఒళ్ళు. ఒక వారం మానేస్తే రెండో వారం వెలితిగా అనిపించదు, అంతే. మామ్మ కొడుకు ఇరవై నిమిషాల దూరంలోనే ఉండి క్రిస్మస్‌కి మాత్రం వచ్చేవాడు. అయినా తండ్రి పోయాక ఆయన స్థానంలో చర్చి ఆస్తి చూసే ట్రస్టీగా అతని పేరే ఉండేది.

ఆ రోజుల్లోనే మావాళ్ళ పూజలు మా బేస్‌మెంట్‌లో జరిగేవి. నెలనెలా కుటుంబాలు పెరిగి, చెప్పులు విడవడానికి కూడా చోటు చాలేది కాదు. నాన్నకి అంత భక్తి లేకపోయినా అందరినీ కూడగట్టేది ఆయనే.

నాన్న ఇంట్లో పెద్దగా మాట్లాడేవారు కాదు. అలాంటిది ఒక ఆదివారం భోజనాల దగ్గర, "ఇవాళ చర్చికి ఎంతమంది వచ్చారు తల్లీ?" అని అడిగారు. నాకు పట్టరాని ఆనందం వేసింది. ఆ తర్వాత ప్రతి వారం అడిగేవారు. రూఫ్ ఇంకా లీక్ అవుతోందా, బకెట్లు ఏ గదిలో పెడుతున్నారు, పాస్టర్ గారు వారం వారం వస్తున్నారా. నాన్నకి చెప్పడం కోసమే నేను అన్నీ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. కార్ పార్కింగ్‌లో ఎన్ని గీతలున్నాయో కూడా లెక్కపెట్టి వచ్చాను. నా లోకమంటే మా నాన్నకి ఇష్టం కలిగిందనే అనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం మా హాల్లో పదిమంది అంకుల్స్ కూర్చున్నారు. అమ్మ పకోడీల ట్రే ఇచ్చి పంపితే తీసుకెళ్ళాను. నాన్న ఒక కాగితం చూసి చదువుతున్నారు.

"ఇప్పుడు పందొమ్మిది మందే వస్తున్నారు. రూఫ్ రిపేర్ చేయించుకునే స్థితిలో లేరు. పార్కింగ్ మన గుడికి సరిపోతుంది. ఇప్పుడు అప్రోచ్ అయితే కాదనలేరు."

"ఇన్ని డీటెయిల్స్ ఎలా పట్టారు డాక్టర్ గారూ?" అని ఒకాయన అడిగారు.

"మన మనిషి ఒకరు లోపలున్నారు లెండి" అని నాన్న నవ్వారు. అందరూ నవ్వారు. నేను ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. ఒక అంకుల్ చెయ్యి చాచి పకోడీ తీసుకుని, థాంక్యూ అన్నారు.

మర్నాడు చర్చిలో పలక మీద నలభై ఒకటి అని పెట్టాను. ఆ పిల్లబుద్ధికి అంతకన్నా ఉపాయం తోచలేదు. అందరూ వెళ్ళిపోయాక మామ్మ దాన్ని చూసి, "ఈ మిగతా ఇరవై రెండు మంది ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. నాన్న ప్రశ్నలు, నా జవాబులు, ఆ కాగితం, అన్నీ చెప్పేశాను.

మామ్మ కోప్పడలేదు. అట్టలు తీసేసి పందొమ్మిది పెట్టింది. "లేనివాళ్ళని కలిపితే వచ్చినవాళ్ళని చిన్నబుచ్చినట్టే" అంది. ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా వంటింట్లో ఫోన్ తీసి కొడుకుని అడిగింది. చాలాసేపు విన్నది. "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అని మాత్రం అని పెట్టేసింది. తర్వాత కుర్చీలో కూలబడి, నాతో అందో తనలో తను అనుకుందో, "ఎవరు అడిగితే వాళ్ళకి చర్చి అమ్మేద్దామంటే రెండు నెలల కిందటే సరేనన్నాడట. ట్రస్టీలందరికీ తెలుసట. నాకు ఎవరూ చెప్పలేదు" అంది. కొంచెం ఆగి నా వైపు చూసింది. "నువ్వు చెప్పావు."

ఆ మాట నన్ను మెచ్చుకోవడమో, క్షమించడమో ఇప్పటికీ తెలియదు.

చర్చి చేతులు మారేముందు చివరి ఆదివారం కూడా పేజీలు నేనే తిప్పాను. ఆకులు రాలే రోజుల్లో మామ్మ ఇల్లు ఖాళీ చేసి కూతురు ఉండే ఊరికి వెళ్ళిపోయింది. కొడుకు ఇంటికి రమ్మన్నా వెళ్ళలేదని అమ్మ చెప్పింది. అక్కడినుంచి నాకు ఒక పుట్టినరోజు కార్డు వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

ఆ చర్చిలోనే మా గుడి ప్రారంభమైన రోజున నేను కారు దిగనన్నాను. లోపల మంత్రాలు వినిపిస్తున్నాయి. పట్టుపంచెలో నాన్న బయటికి వచ్చి కారు తలుపు తీశారు.

"మంచి పనికే కదా తల్లీ. దొంగతనం చేయలేదు. వాళ్ళు అమ్మారు, మనం కొనుక్కున్నాం."

"ఎందుకు అడుగుతున్నారో నాకు చెప్పొచ్చు కదా నాన్నా."

"చెప్తే నువ్వు చెప్పేదానివా?"

నాన్న తలుపు మెల్లగా వేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ గుడి ఎంతోమందికి ఆసరా అయింది, నా పెళ్ళీ అక్కడే జరిగింది. ఇప్పుడు నాకు అరవై దగ్గర పడింది. పండగలకి తప్ప మా పిల్లల తరం అటు రావడం లేదు. వాళ్ళకీ దేవుడి మీద కోపమేమీ లేదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

పిల్లల్ని పెంచేటప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను. వాళ్ళ దగ్గర ఏదైనా రాబట్టాల్సి వస్తే, ఎందుకో ముందు చెప్పి అడిగేదాన్ని. చెప్పకపోయినా సరేననేదాన్ని. అంతవరకు నాకు ఆ రోజు మేలే చేసింది. కానీ భోజనాల దగ్గర ఎవరైనా ఆప్యాయంగా, "ఇవాళ ఏం చేశావు?" అని అడిగితే, అది మా ఆయనైనా సరే, ఎందుకు అడుగుతున్నారోనని ముందు వాళ్ళ మొహంలో వెతుకుతాను. ఆ తర్వాతే చెబుతాను.